జపాన్ రేసుకు ఇంటి టైము

ఒమన్‌లో, బౌషర్‌లోని మా రూమ్ కింద ఇస్త్రీ షాపువాడు చొక్కా వీపు మీద అడ్డంగా ఒక మడత పెడతాడు. ఎవరూ అడగని పని. వద్దని మూడు భాషల్లో చెప్పాను. మూడింటికీ తల ఊపి మళ్ళీ మడతే పెట్టాడు. ఆ మడత చొక్కాతోనే ఆ సాయంత్రం అర్బాబ్ ఇంటికి వెళ్ళాను.

మా అర్బాబ్‌కి కన్‌స్ట్రక్షన్ కంపెనీ ఉంది, సరదాకి నాలుగు గుర్రాలున్నాయి. నేను ఆయన ఆఫీసులో క్లర్కుని. గుర్రాల్ని చూసేది నా రూమ్మేటు, జగిత్యాల వైపు మనిషి. నాకంటే పదేళ్ళు పెద్ద, అన్నా అంటాను. సైట్‌లో సిమెంటు మోసి మోసి ఎలాగో లాయానికి చేరాడు. నడక చూసి గుర్రం ఎలాంటిదో చెప్పగలనంటాడు. అర్బాబ్ జపాన్ గుర్రం కొంటున్నాడని తెలిసి, ఆ మాట ఆయన దగ్గరా అన్నాడు.

అర్బాబ్ వారం ముందే పరీక్ష పెట్టాడు. జపాన్‌లో మూడేళ్ళ గుర్రాలకు పెద్ద డర్ట్ రేసు ఒకటుంది. డర్ట్ అంటారు గానీ పరిచేది ఇసుకే. ముందు గుర్రం కాళ్ళు లేపిన ఇసుక వెనకదాని మొహాన కొడుతుంది. తట్టుకోలేనివి తల ఎత్తేస్తాయి.

"రేసుకు ముందు వాటిని నడిపిస్తారు కదా, అప్పుడే చెప్పు. నువ్వు చెప్పింది మొదటి మూడింట్లో ఉంటే కొత్త గుర్రం నీ చేతికే. లేదంటే మళ్ళీ సైట్‌కి," అన్నాడు హిందీలో, ఖర్జూరాల పళ్ళెం మా వైపు జరుపుతూ. మర్యాదస్తుడు.

టైము చూసి లైవ్ పెట్టడం నా వంతు. ఇద్దరిలో డిగ్రీ ఉన్నది నాకే. అక్కడ రాత్రి ఎనిమిదికి రేసు. మూడున్నర గంటలు తీసేస్తే నాలుగున్నర. పావుగంట ముందే వెళ్ళి కూర్చున్నాం. అన్న తలకు నూనె రాసుకొచ్చాడు. నేను ఫోన్‌ని పెద్ద టీవీకి కలిపాను.

గెలిచిన గుర్రం ఫోటో వచ్చింది. దాని కింద ఒకటి, రెండు, మూడు, ఎవరికీ అనుమానం రాకుండా.

మూడున్నర తీస్తే వచ్చేది ఇండియా టైము. ఒమన్‌కి ఐదు తీయాలి. ఇంటికి ఫోన్ చెయ్యడానికి వీలుగా మా రూమ్ గడియారం ఇండియా టైములోనే ఉంటుంది. ఏ లెక్కయినా ముందు అందులో వేసి, తర్వాత గంటన్నర తగ్గించుకోవడం ఎనిమిదేళ్ళ అలవాటు. ఆ రోజు తగ్గించలేదు. రేసు మూడింటికే అయిపోయింది.

"ముందు నడిపించిన వీడియో ఉంటది గద సాబ్, అది చూసి చెప్తా," అన్నాడు అన్న హిందీ, తెలుగు కలిపి.

"జవాబు చూశాక నేనూ చెప్తాను," అన్నాడు అర్బాబ్. కోపం కూడా లేదు. ఉంటే బాగుండేది, బతిమాలడానికి ఏదో ఒకటి దొరికేది. తప్పు నాదేనన్నాను. ఇంకో రేసు చూపిస్తానన్నాను. ఇంత పెద్దది మళ్ళీ ఏడాదికే, కొనేది ఈ నెలలో అన్నాడు. "ఖలాస్. ఆదివారం నుంచి సైట్ డ్యూటీ."

బయటికొచ్చాక అన్న అలవాటుగా లాయంలోకి వెళ్ళి బకెట్ అందుకున్నాడు. వెనకాలే వెళ్ళి, రూమ్ గడియారం ఇవాళే మార్చేస్తానన్నాను. ఇలాంటి పనులు నాకు బాగా వచ్చు, అయిపోయాక.

అన్న తల తిప్పలేదు.

"తమ్మీ, పది ఫెయిలైనోణ్ణి నేను. గుర్రాలకు ఏనాడన్న ఇంటి టైముకు దాణా ఏసిన్నా?"