మా బురదకు పనికొచ్చే బండి

ఆ ఎండాకాలం నేను చూసినన్ని పాత పికప్ బండ్లు నాందేడ్‌లో ఏ దళారీ చూసి ఉండడు. బైపాస్ పక్కన వరసగా నిలబెట్టి అమ్మే అడ్డాలన్నీ తిరిగాం, ఉమ్రిలో రెండు చూశాం. మొత్తం తొమ్మిది. తొమ్మిదింటికీ మా ఆయన వంక పెట్టాడు. నాకు తల ప్రాణం తోకకొచ్చింది.

మేం బండి కొనేది సోకుకు కాదు. ఉమ్రి దగ్గర మా చేనులో పదకొండు బర్రెలున్నాయి. పొద్దున్నే పాలు నాందేడ్ చేరాలి, రైల్వే క్వార్టర్లలో ఉండే మన తెలుగువాళ్ల ఇళ్లకూ, రెండు చాయ్ హోటళ్లకూ. తారు రోడ్డు మీద ఏ బండైనా పోతుంది. కొట్టం నుంచి ఆ తారు రోడ్డు దాకా ఉన్న మైలు దారే మా ప్రాణం తీస్తుంది. అంతా నల్లరేగడి. ఒక్క వాన పడితే చాలు, మట్టి టైర్లకు చుట్టుకుని బండిని అడుగు కదలనివ్వదు. అందుకే నాలుగు చక్రాలూ లాగే ఫోర్ బై ఫోర్ పికప్పే కావాలి.

ఇరవై ఏళ్లు ఆ దారిలో పాలబండి నడిపింది మా ఆయనే. అంతకుముందు చలికాలం స్టీరింగ్ ముందు కూర్చుని ఉండగానే ఫిట్స్ వచ్చి, బండి వంతెన గోడకు గుద్దుకుంది. మనిషికి నుదుటి మీద కుట్లతో పోయింది, బండి తుక్కయింది. ఇక జన్మలో బండి నడపొద్దని డాక్టర్ గట్టిగా చెప్పాడు. నాకు ట్రాక్టర్ పెళ్లికి ముందే వచ్చు. ఆ తర్వాత లైసెన్సు కూడా తెచ్చుకున్నాను. బండి పోయినప్పటి నుంచి పాల క్యాన్లు మా మరిది మోటార్ సైకిల్‌కు కట్టుకుని ఉమ్రి స్టేషన్‌కు తీసుకుపోయి రైలెక్కించేవాడు. వానలు మొదలైతే ఆ మోటార్ సైకిల్ కూడా దారిలో దిగబడాల్సిందే. మా ఆయన ఒకటే మాట పట్టుకుని కూర్చున్నాడు. మిరుగం కార్తె తొలి వానల్లోపల సరైన బండి దొరికితే సరి, లేదంటే బర్రెలను అమ్మేద్దాం అని.

బర్రెలను అమ్మి ఏం చేస్తావు అంటే లేచి కొట్టంలోకి పోయేవాడు. వాటిలో సగం నా చేతుల మీద పుట్టినవి. ఏది ఎప్పుడు తంతుందో, ఏది పాలు చేపడానికి ఎంతసేపు బతిమాలించుకుంటుందో నాకు తెలుసు. ఆ మాట అన్నప్పుడల్లా నాకు అరికాలి మంట నెత్తికెక్కేది.

మొదట చూసిన బండ్లు నిజంగానే దండగవి. అది ఒప్పుకుంటాను. అడ్డాల వాళ్లు నన్ను దాటి మా ఆయనతోనూ మరిదితోనూ మాట్లాడేవాళ్లు. నడిపేది నేనురా బాబూ అంటే ఓ నవ్వు నవ్వి, వైనీకి, మరాఠీలో వదినన్నమాట, ఏ రంగు ఇష్టం అని ఆయననే అడిగేవాళ్లు. నేను పట్టించుకోకుండా బండి కిందకు దూరేదాన్ని. ఒకదానికి అడుగున ఆయిల్ నట్టు విప్పిస్తే నూనె తెల్లగా, మజ్జిగలా కారింది. అంటే ఎప్పుడో నీళ్లలో మునిగిన బండి. ఇంకోదానికి లోపల ఫోర్ బై ఫోర్ లివర్ ఉంది కానీ, ముందు చక్రాలకు పోవాల్సిన షాఫ్టే లేదు. ఇదేంటి అంటే, అది లేకపోతేనే డీజిల్ తక్కువ తాగుతుంది వైనీ అన్నాడు అమ్మేవాడు, సిగ్గు లేకుండా. బురదలో నడిపి చూస్తానంటే ఒక్కడూ ఒప్పుకోలేదు. కడిగి పాలిష్ పెట్టాం, పాడవుతుందట.

ఆ తర్వాత చూసినవాటిలో రెండు మంచివి. వాటికీ వంకే. ఒకదాని హారన్ ఆడపిల్ల గొంతులా ఉందట. ఇంకోదాని ఎడమ తలుపు గట్టిగా వేస్తే గానీ పడదట. ఇష్టం లేని సంబంధానికి మేనమామ వెతికే వంకల్లా ఉన్నాయి అవి. అప్పుడు ఒకటి గమనించాను. నడిపి చూడటానికి నేను స్టీరింగ్ ముందు కూర్చుంటే, ఏ ఒక్కసారీ ఆయన నా పక్కన ఎక్కలేదు. ప్రతిసారీ తమ్ముణ్ణి ఎక్కించి, తను రోడ్డు పక్కన నిలబడేవాడు.

పదో బండి నాయ్‌గావ్ రైతుది. రంగు వెలిసింది, వెనుక సామాను పెట్టే డాలాకు సొట్టలు, కానీ అడుగున ఎక్కడా వెల్డింగ్ మచ్చ లేదు, లివర్ వేస్తే ముందు చక్రాలు టక్కున అందుకున్నాయి. బురదలో చూడాలి అన్నాను. బండి ఉన్నది అందుకే కదా, మీ దారికే తీసుకుపోదాం పదండి అన్నాడు ఆ పెద్దమనిషి. ముందురోజే జల్లు పడి ఉంది. రైతే నడిపాడు, మరిదితో కలిపి నలుగురం మా దారి మొదట్లో దిగాం. మా ఆయన బండి చుట్టూ ఒక్క చుట్టు తిరిగి, వెనుక స్ప్రింగు కమాన్లు కూర్చున్నాయి, ఇది వద్దు అన్నాడు.

ఇక నా వల్ల కాలేదు. బయటివాడు ఉన్నాడని కూడా చూడలేదు.

"కమాన్లు మంచిగనే ఉన్నయి. వంక బండ్లల్ల లేదు. నేను నడుపుతుంటె పక్కకు కూసునుడు నీకు మనసొప్పుతలేదు. ఉంటె అది చెప్పు, బర్రెల మీద పెట్టకు."

మరిది తల దించుకున్నాడు. మా ఆయన దారి వైపు తిరిగాడు.

"ఒప్పుతలేదు," అన్నాడు. "ఇరవై ఏండ్లు నేను నడిపిన తొవ్వ గిది."

నాకు కోపమూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. బండెక్కి దారిలోకి దింపాను. సగం దాకా బాగానే పోయింది, ముగ్గురూ గట్టు వెంట నడిచి వస్తున్నారు. లోతు గాడి దగ్గర లివర్ వేసినా నాలుగు చక్రాలూ ఉన్నచోటే తిరుగుతున్నాయి గానీ బండి కదలదు. ఖాళీ బండి కదా, వెనుక బరువు లేక చక్రానికి పట్టు దొరకడం లేదు. రేసు పెంచమని మరిది, తగ్గించమని రైతు, ఇద్దరూ గట్టు మీద నుంచి సలహాలు. సలహాలు తర్వాత, ముందు వెనుక ఎక్కి కూర్చోండి అని అరిచాను. ఎక్కారు. చాల్లేదు.

అద్దంలో చూస్తే మా ఆయన చెప్పులు విప్పి గట్టున పెడుతున్నాడు. మోకాలు లోతు బురదలో నడిచి వచ్చి, డాలా పట్టుకుని వెనుకకు ఎక్కాడు. వాళ్లిద్దరినీ సరిగ్గా చక్రాల మీదికి జరిపి, మధ్యలో తను కూర్చున్నాడు. క్యాబిన్ మీద అరచేత్తో రెండు దెబ్బలు వేశాడు. పోనివ్వు అని. చిన్న గేరులో వేసి మెల్లగా క్లచ్ వదిలాను. బండి మూలుగుతూ గాడి దాటి, ఇంకెక్కడా ఆగకుండా కొట్టం దాకా పోయి, అక్కడ మళ్లి తారు రోడ్డుకు తిరిగి వచ్చింది.

మరిది, రైతు కిందకు దూకారు. ఆయన దిగలేదు. నేను బండి వెనుకకు వెళ్లి, ముందుకొచ్చి కూర్చో అన్నాను. ఆయన డాలా నేల మీద చేత్తో కొలుస్తున్నాడు.

"క్యాన్లు జారకుండ ఈడ రెండు కొక్కాలు ఎయ్యాలె," అన్నాడు. తర్వాత నా ముఖం చూడకుండా, "ఇయ్యాల నేను ఈడ్నే కూసుంట. ముందటికి రేపొస్త," అన్నాడు.