ఖాళీ గాటులో గీత

దయ్యాన్ని చూశానన్నవాణ్ణి సాక్ష్యం అడగకుండా నేనెప్పుడూ వదల్లేదు. జాతకాలకు వ్యతిరేకంగా తిరుపతిలో సభలు పెట్టి రాళ్ల దెబ్బలు తిన్నవాణ్ణి. ఇప్పుడు నా దగ్గరున్నదీ సాక్ష్యమే. దాన్ని ఏం చేయాలో తెలియడం లేదు.

డెబ్బైల చివర్లో నేను తిరుపతిలోనే ఒక కళాశాల ప్రయోగశాలలో పనిచేసేవాణ్ణి. పాకాలలో ఉన్న మా అక్క, కూతురు సరసను మా తమ్ముడికే ఇవ్వాలనుకుంది. అంతకుముందే అక్క కొడుకొకడు పాలిపోయి, కీళ్ల నొప్పులతో ఆరేళ్లకే పోయాడు. అది రక్తంలో వంశపారంపర్యంగా వచ్చే జబ్బని నా అనుమానం. బతిమాలి తమ్ముడిదీ సరసదీ రక్తం తీసుకున్నాను.

పద్ధతి కష్టమైనది కాదు. బంగాళదుంప పిండిని గంజిలా ఉడికించి పలకలా పోస్తాం. దానికి గాట్లు పెట్టి, ఒక్కో గాటులో ఒక్కొక్కరి రక్తం ఉంచి కరెంటు పంపిస్తాం. మామూలు రక్తం ముందుకు జరిగి ఒక గీతగా నిలుస్తుంది. లోపమున్నది వెనకబడుతుంది. రెండు గీతలూ ఉంటే ఆ మనిషికేమీ కాదు, లోపం బిడ్డకు చేరవచ్చు. తల్లి నుంచీ తండ్రి నుంచీ చేరితే బిడ్డకు జబ్బు. వెనక గీత ఒక్కటే ఉంటే జబ్బే. చివరి గాటు ఖాళీగా వదులుతాం. అందులో ఏదైనా కనిపిస్తే పలక మొత్తం చెల్లదు. అది నియమం.

ఆ మధ్యాహ్నం రంగు వేసి చూస్తే తమ్ముడికి రెండు గీతలు. సరసకూ రెండు. ఖాళీ గాటులో ఒక్కటి. వెనకది.

పక్క గాటు నుంచి కారి ఉంటే రెండూ రావాలి. ఆ పిండితోనే, ఆ గిన్నెల్లోనే రక్తం లేకుండా మరో పలక పోశాను. ఏమీ రాలేదు. తెచ్చిన రక్తం అయిపోయింది.

పాకాల వెళ్లి, "పరీక్ష చెల్లలేదు బావా, మళ్లీ రక్తం కావాల" అన్నాను. అంతకు మించి చెప్పలేదు.

బావ పడీపడీ నవ్వాడు. "జాతకం కుదర్లేదని ఇంకో అయ్యోరి కాడికి పోతే సభలో మమ్మల్ని ఎగతాళి చేసినావే! ఇప్పుడు నువ్వే రెండోతూరి సూడాలంటావా? పెండ్లికూతురికి ఈ సూదులేందప్పా? ఒకే మాట సెప్పు. లోపం తేలిందా?"

"తేలలేదు" అన్నాను. నియమం ప్రకారం అది నిజం.

పెళ్లయింది. బిడ్డకు మూడో ఏట కీళ్లు వాచాయి. సరస తనే ఎత్తుకొని ప్రయోగశాలకు వచ్చింది. పరీక్ష చేశాను. ఒక్క గీత. వెనకది.

"ఆ పొద్దు మా ఇద్దరి రక్తం సూసినావు కదా మామా, నీకేమన్నా కనపడిందా?" అని అడిగింది.

నేను గిన్నెలు కడుగుతూ ఉండిపోయాను.

ఖాళీ గాటులోకి ఆ గీత ఎలా వచ్చిందో నాకు ఈ రోజుకీ తెలియదు. మిగతా రెండు గాట్లలో ఏముందో మాత్రం ఆ మధ్యాహ్నమే తెలుసు.