బాదుషా వయసు మూడేళ్లు

కృష్ణానగర్‌లో శకుంతలమ్మ ఇల్లెక్కడని అడిగితే ఎవరూ డోర్ నంబరు చెప్పరు. "కుక్కల శకుంతలమ్మా? సీదా పోండ్రి, కుక్కలు గానొచ్చినకాడ ఆగుండ్రి" అంటారు. ఆ మాటలో కొంచెం వెక్కిరింత ఉన్నా ఆమె పట్టించుకోదు. సినిమాల్లో నటించే కుక్కలకు పని నేర్పడం ఆమె వృత్తి. పని చేయలేని వయసుకొచ్చిన కుక్కలను ఎవరూ అడగరు కాబట్టి అవన్నీ ఆమె దగ్గరే ఉంటాయి. ఈ కథ నాటికి అలాంటి ముసలివి పదకొండు. వాటిలో ఒకదానికి ఒక కన్ను లేదు, రెండిటికి చెవులు వినిపించవు, ఒకటి ఎవరినైనా సరే గుర్రుమనకుండా పలకరించదు.

ఇరవై ఏళ్ల కిందట ఆమె జూనియర్ ఆర్టిస్టు. ఫిల్మ్ నగర్‌లో ఏదో సినిమాకు బౌద్ధారామం సెట్ వేసి, నలభై మంది ఆడవాళ్లకు కాషాయాలు చుట్టి భిక్షుణులుగా కూర్చోబెట్టారు. 'బుద్ధం శరణం గచ్ఛామి' అనే శరణాలు సరిగ్గా పలకడం నేర్పడానికి నిజమైన భిక్షువునే ఒకాయనను పిలిపించారు. మిగతా ముప్పై తొమ్మిది మంది భోజనం బ్రేకు ఎప్పుడా అని చూస్తుంటే శకుంతలమ్మ పోయి ఆయన ముందు కూర్చుంది. అంతకు వారం ముందే ఆమె పెంచుకున్న కుక్క లారీ కింద పడి పోయింది.

"అయ్యా, కుక్కకు గూడ మళ్ల పుట్టుక ఉంటదా?"

ఆయన నవ్వలేదు. "ఉంటుందమ్మా. మనిషి కుక్కగా పుట్టవచ్చు, కుక్క మనిషిగానూ పుట్టవచ్చు. అయితే ఆత్మ అనే మూట ఒకటి ఈ ఇంట్లోంచి ఆ ఇంట్లోకి మోసుకుపోతారని మేమనం. ఒక దీపంతో ఇంకో దీపం ముట్టిస్తావు. ఆ రెండోది మొదటిదేనా?"

శకుంతలమ్మ ఆలోచించింది. "గదే అనరాదు. గది కాదనీ అనరాదు."

"అంతే. జంతువు పుట్టుక చాలా కష్టమైందమ్మా. ఆకలితో, భయంతో బతుకంతా గడిచిపోతుంది, మంచి చేసుకోవడానికి తీరికే దొరకదు. పోయేటప్పుడు కూడా మనసు నిండా భయమే ఉంటే తర్వాతి పుట్టుకకూ అదే దారి చూపిస్తుందంటారు పెద్దలు."

"మరి నేనేం జెయ్యాలె?"

"భయం తీసెయ్యి. నీ చేతిలో ఉన్నది అదొక్కటే."

సాయంత్రం అందరూ కాషాయాలు విప్పి కంపెనీకి అప్పగించి బస్సెక్కారు. ఆమె కూడా అప్పగించింది. కానీ ఆ మాట మాత్రం తిరిగివ్వలేదు. ఇంట్లో ఎల్లమ్మ తల్లి పటం పక్కనే బుద్ధుడి పటం పెట్టింది. బోనాలప్పుడు బోనమెత్తుతుంది, తెల్లారి లేవగానే పంచశీలాలు చెప్పుకుంటుంది. వాళ్లిద్దరికీ లేని గొడవ మనకెందుకు? కర్ర పట్టకుండా, గొలుసు వేయకుండా కుక్కలకు పని నేర్పడం మొదలుపెట్టింది. టపాకాయలు పేలే సీనుకు కుక్కనివ్వమంటే ఎంత పెద్ద కంపెనీ అయినా పొమ్మంది. ముసలి కుక్క ఏదైనా ఆఖరి ఊపిరిలో ఉంటే ఎవరినీ గట్టిగా మాట్లాడనివ్వదు. తల ఒళ్లో పెట్టుకుని దాని చెవిలో మెల్లగా శరణాలు చెబుతుంది. అలా వెళ్లిపోయిన కుక్కలు ఎన్నో ఉన్నాయి. వాటిలో ఒక్కటి కూడా వణుకుతూ పోలేదు. మనలో ఎంతమందికి అంత అదృష్టం ఉంటుందో చెప్పలేను.

పంచశీలాల్లో నాలుగోది అబద్ధమాడకపోవడం. ఫిల్మ్ నగర్‌లో పని చేస్తూ ఆ శీలం పట్టడమంటే చేపల బజారులో ఉపవాసం ఉండడమే. అయినా పట్టింది. ఇరవై ఏళ్లు బాగానే నెగ్గుకొచ్చింది కూడా.

అసలు పరీక్ష నిరుడు వచ్చింది. ఇంటి వెనక కుక్కలకని కిరాయికి తీసుకున్న జాగాలో అపార్ట్‌మెంట్ కడుతున్నామని, నెలాఖరుకల్లా ఖాళీ చేయమని యజమాని చెప్పేశాడు. పదకొండు ముసలి కుక్కలంటే ఎవరిస్తారు జాగా? ఆమె తిరగని గల్లీ లేదు. నెలలో పది రోజులు మిగిలాయి.

అప్పుడే బాదుషాకు ఒక సినిమాలో వేషం వచ్చింది. బాదుషా బెల్లం రంగు కుక్క, ఆమె దగ్గర పనిలో ఉన్నది ఆ ఒక్కటే. ఆ సినిమాలో చనిపోయిన తండ్రి కుక్కగా పుట్టి ఇంటికొస్తాడు. నిర్మాత అరుణజ్యోతి జూబ్లీహిల్స్‌లో ఉంటుంది. సినిమా మొదలుపెట్టింది ఆమె భర్త. సగంలో ఉండగా ఒకరోజు గుండె ఆగి పోయాడు. ఎనిమిది నెలలు తలుపు వేసుకుని కూర్చున్న మనిషి, ఆయన మొదలుపెట్టినది మధ్యలో ఆగకూడదని మళ్లీ బయటికొచ్చింది. సినిమాలో తండ్రి కూర్చునే కుర్చీ కావాలంటే భర్త వాడిన పేము కుర్చీనే ఇంటి నుంచి పంపించింది.

షాట్‌లో కుక్క గుమ్మం దాటి వచ్చి, ఇంట్లో ఎవరినీ చూడకుండా నేరుగా కుర్చీ దగ్గరకు పోయి దాని చేతి మీద గడ్డం ఆనించాలి. ఆ విద్యలో రహస్యమేమీ లేదు. శకుంతలమ్మ ముందుగా కుర్చీ చేతికి కోడి కార్జం రుద్దింది, అంతే. బాదుషా వచ్చింది, గడ్డం ఆనించింది, కళ్లు మూసుకుంది. మానిటర్ దగ్గర నుంచి అరుణజ్యోతి లేచి నిలబడి "ఆయనే" అంది.

గంట తర్వాత ప్రొడక్షన్ మేనేజర్ అరవింద్ శకుంతలమ్మను పక్కకు పిలిచాడు.

"శకుంతలక్కా, నీ దశ తిరిగింది. మేడం బాదుషాని ఇంటికి తీసుకెళ్తారట. నీ ముసలివాటి సంగతి నేనే చెప్పాను. బంగళా వెనక ఖాళీగా పడి ఉన్న స్థలం మొత్తం వాటికే ఇచ్చేస్తానన్నారు."

శకుంతలమ్మ చేతులెత్తి దండం పెట్టబోయింది.

"ఒక్కటే మాట. కుక్క ఎప్పుడు పుట్టిందని అడుగుతారు. ఏడు నెలలని చెప్పు. సార్ పోయి ఎనిమిది నెలలు, సరిపోతుంది."

"మూడేండ్లు గదా అరవింద్."

"మూడేళ్లని నీకూ నాకూ తెలుసు. ఆవిడకి తెలిస్తే ఎవరికి లాభం? ఆవిడకి మనశ్శాంతి, నీ కుక్కలకి నీడ. ఎవరికి నష్టమో చెప్పు అక్కా."

ఎవరికీ నష్టం లేదు. అదే చిక్కు. అడకత్తెరలో పోకచెక్కలా అయింది ఆమె పని. నాలుగో శీలం ఒకవైపు, పదకొండు ప్రాణాలు ఇంకోవైపు. ఈ ఒక్కసారికి చెప్పేద్దామనే అనుకుంది. పాపమంటూ ఉంటే తానే మోస్తుంది, వచ్చే జన్మలో కుక్కగా పుడితే పుట్టింది, తనలాంటిదెవరో కూడు పెట్టకపోతుందా? ఈ నిర్ణయంతోనే మేకప్ గది తలుపు తట్టింది.

లోపల అరుణజ్యోతి నేల మీద కూర్చుని ఉంది. ఎదురుగా బాదుషా.

"మీ బుద్ధుడి దారిలో మనిషి కుక్కగా పుడతాడటగా శకుంతలమ్మా?"

"పుట్టొచ్చంటరమ్మా."

"ఆ రోజు పొద్దున మేమిద్దరం గొడవపడ్డాం. 'మీ మొహం చూడను' అన్నాను. మధ్యాహ్నానికల్లా నిజంగానే చూడకుండా వెళ్లిపోయారు." అరుణజ్యోతి బాదుషా రెండు ముందుకాళ్లూ చేతుల్లోకి తీసుకుంది. "క్షమించండి" అనబోయి ఆగింది. బాదుషా మాత్రం ఆమె చేతులను వాసన చూసి, కార్జం దొరక్క మొహం తిప్పేసింది. అరుణజ్యోతి మొహం పాలిపోయింది. "నన్ను ఇంకా క్షమించలేదు" అంది.

శకుంతలమ్మ నిర్ణయం అక్కడ కూలిపోయింది. రేపటి నుంచి ఈ కుక్క చూసిన ప్రతి చూపునూ ఈమె లెక్కపెట్టుకుంటుంది. అది మొహం తిప్పిన ప్రతిసారీ ఏడుస్తుంది. మనిషి అలా ఏడుస్తూ మీద పడుతుంటే ఎందుకో తెలియక కుక్క బెదురుతుంది. ఇద్దరికీ బతుకంతా భయమే. తాను చేతులారా ఆ భయాన్ని ఇచ్చినట్టవుతుంది.

"బాదుషాకు మూడేండ్లమ్మా" అంది. "సారు పోయినంక పుట్టింది కాదు. కుర్చీకి నేను కార్జం రుద్దిన. అందుకే తల పెట్టింది."

అరుణజ్యోతి నేల మీద నుంచి లేచింది. "నిన్నెవరు అడిగారు?" అంది. "నువ్వు వెళ్లు. దాన్నీ తీసుకెళ్లు."

గుమ్మం బయట అరవింద్ తల పట్టుకున్నాడు. బాదుషాను ఆటోలో ఎక్కించుకుని ఇంటికొచ్చిన శకుంతలమ్మ ఆ పూట అన్నం తినలేదు. ముసలివాటికి మాత్రం వేళకు పెట్టింది. నిజం చెప్పినవాళ్లకు మనసు తేలికవుతుందని ఎవరన్నారో గానీ, ఆమెకు ఆ ఐదు రోజులూ ఛాతీ మీద బండ ఉన్నట్టే ఉంది.

ఆరో రోజు పొద్దున గల్లీలోకి పట్టని కారును మలుపులో ఆపి, అరుణజ్యోతి నడుచుకుంటూ వచ్చింది. శకుంతలమ్మ పెద్ద గిన్నెలో అన్నం కలుపుతోంది. కుర్చీ వేయబోతే వద్దంది.

"మరి ఆయన ఎక్కడున్నారు?"

ఆరు రోజులుగా ఈ ఒక్క ప్రశ్నతోనే ఉందని ఆ కళ్లు చూస్తే తెలుస్తోంది. శకుంతలమ్మ చేయి కడుక్కుంది.

"నాకు తెల్వదమ్మా. నా తల్లి యాడుందో తెల్వదు, నా పెనిమిటి యాడున్నడో తెల్వదు. ఎన్నెన్ని జన్మలెత్తి వచ్చినమో, ఏదో ఒకనాడు మనకు తల్లో తండ్రో కాని పాణం దొరుకుడే కష్టమని నాకు శరణాలు నేర్పిన భంతే చెప్పిండు. గిది ఆయననే అని చూపెట్టేటందుకు నాకు శాతగాదు. ఎవరు ఎవరో తెల్వకనే అన్నిటికీ పెడుతున్న."

అరుణజ్యోతి చుట్టూ చూసింది. ముసలి కుక్కలు అన్నం వాసనకు ఒక్కొక్కటే లేచి వస్తున్నాయి. అన్నిటికంటే ముందు గుర్రుమనేది వచ్చింది.

"గది జర కోపిష్టిదమ్మా. దూరమే ఉండు."

ఆమె దూరం జరగలేదు. ఒక పళ్లెం తీసుకుని అన్నం పెట్టి, పట్టుచీర మట్టిలో తగులుతుంటే పట్టించుకోకుండా దాని ముందు గొంతుక్కూర్చుంది. అది గుర్రుమంటూనే ఉంది. ఆమె వంగి చాలా మెల్లగా ఏదో చెప్పింది. అప్పుడు శకుంతలమ్మ నీళ్లు తెస్తానని లోపలికి వెళ్లిపోయింది. నీళ్లు అక్కడే తొట్టి నిండా ఉన్నాయి.

తిరిగొచ్చేసరికి ఆమె రెండో పళ్లెం పెడుతోంది. తర్వాత మూడోది. ఒంటికన్నుదానికీ పెట్టింది, చెవులు వినిపించనివాటికీ పెట్టింది. పదకొండు పళ్లేలు పెట్టింది, పదకొండుసార్లూ వంగి, ఆ రోజు నోటిదాకా వచ్చి ఆగిపోయిన ఆ ఒక్క మాటే చెప్పింది. ఏ కుక్కా తలెత్తి చూడలేదు. కడుపు నిండా తిన్నాయంతే. ఆమె మొహంలో మొన్నటి పాలిపోవడం లేదు.

లేచి చేతులు కడుక్కుని కొంగుతో తుడుచుకుంది.

"వీటన్నిటికీ వ్యాన్ ఎప్పుడు పంపమంటారు శకుంతలమ్మగారూ?" అని అడిగింది.