పగలు పడుకునే మనిషికి కిటికీ తెర

మా గోదావరిఖనిలో బొగ్గుగనిని బాయి అంటాం. మా ఆయన బాయిలోకి దిగి, తలమీది కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టి బోల్టులు బిగించే పని చేస్తాడు. ఒక వారం పొద్దటి షిఫ్టు, ఒక వారం మధ్యాహ్నం, ఒక వారం నైటు. నైటు వారం వచ్చిందంటే నాకు ఇంట్లో కాలు నిలవదు. పొద్దున వస్తాడు, స్నానం చేస్తాడు, తింటాడు, పడుకుంటాడు. పడుకోవడం వరకే. నిద్ర మాత్రం రాదు. అటు దొర్లుతాడు, ఇటు దొర్లుతాడు, నిట్టూరుస్తాడు. గోడ ఇవతల నేను ఆ మంచం కిర్రుమన్న ప్రతిసారీ పళ్లు కొరుక్కుంటాను.

ఈ ఏడు ఎండలు ముదరకముందే అది మరీ ఎక్కువైంది. ఒకరోజు పొద్దున డ్యూటీ దిగి వస్తూ బండి మీదే కునుకు తీశాడు. రోడ్డు పక్క ఇసుకలో పడ్డాడు కాబట్టి మోకాలు చెక్కుకుపోవడంతో సరిపోయింది. వెనకే బొగ్గు లారీ వస్తోందని చూసినవాళ్లు చెప్పారు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు అన్నం సయించలేదు. రోడ్డు మీదే ఇట్లా ఉంటే, బాయి లోపల కప్పు కింద నిలబడి కన్ను మూతపడితే ఏం గాను? ఆ మనిషికి పగలు నిద్ర పట్టించాలి. ఎట్లాగైనా సరే.

కుక్కర్ పెట్టడం మానేశాను. కూరగాయల ఆటో మైకు మా లైనులోకి రాకుండా మూల మీదికి పోయి కొట్లాడాను. అయినా దొర్లుడే. చివరికి నా కళ్లు కిటికీ మీద పడ్డాయి. మా క్వార్టర్ పడకగది కిటికీ తూర్పుకు ఉంటుంది. పొద్దెక్కితే ఎండ తిన్నగా మంచం మీదికే వస్తుంది. ఇంకేం, దొంగ దొరికాడనుకున్నాను. పాత చీర కట్టాను, దుప్పటి వేలాడదీశాను. ఎండ దేన్నీ లెక్కచేయలేదు.

అప్పుడు ఫోన్‌లో రోమన్ బ్లైండ్ చూశాను. అదొక గుడ్డ తెర. వెనక అడ్డంగా సన్న పుల్లలు, పుల్లలకు చిన్న రింగులు, రింగుల్లోంచి తాడు. తాడు లాగితే గుడ్డ మడత మీద మడత పడుతూ పైకి పోతుంది. వదిలితే దిగి కిటికీని పూర్తిగా కప్పేస్తుంది. నేను ఇంట్లో జాకెట్లు కుడతాను. చంకలూ మెడలూ తిప్పే చేతికి నాలుగు పలకల గుడ్డ ఒక లెక్కా అనుకున్నాను.

అనుకోగానే ఆగలేకపోయాను. ఆయన మంచం మీద ఉండగానే స్టూలు వేసుకుని టేపు పట్టాను. కళ్లు మూసుకునే "ఏందే అది?" అన్నాడు. నువ్వు పడుకో అని కసిరి కొలుస్తూ పోయాను. చౌకట్టు పైన ఒక కొలత వచ్చింది, కింద ఇంకొకటి వచ్చింది. టేపు తప్పేమోనని మళ్లీ పట్టాను. అదే తేడా. ఊరి పక్కన, పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగు చేసినప్పుడల్లా మా క్వార్టర్లు గజగజలాడతాయి. గిన్నెలు మోగితే వినపడింది గానీ, కిటికీ ఒక పక్కకు వాలిపోయిందని ఇన్నేళ్లుగా తెలియనే లేదు. మనుషుల భుజాలు రెండూ ఒక్క తీరుగా ఉండవని తెలిసినదాన్ని, కిటికీ మాత్రం చక్కగా ఉంటుందని ఎట్లా నమ్మానో!

తెరను చౌకట్టు లోపల బిగిస్తే ఆ వాలు దగ్గర సందు మిగులుతుంది. సందులోంచి ఎండ వస్తుంది. అందుకని చౌకట్టు అవతల గది గోడ మీదే బిగించాలని, అటూ ఇటూ నాలుగేసి వేళ్లు ఎక్కువ తీసుకోవాలని తేల్చుకున్నాను. పక్క క్వార్టర్ అక్క వచ్చి కొలతలు చూసి, కిటికీకి లంగా కుడుతున్నావా అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. మీ ఆయన రిటైరై గురక పెడుతున్నాడు కాబట్టి నీకు నవ్వొస్తోంది అనేశాను. అక్క మంచిది, ఏమీ అనుకోలేదు.

గుడ్డ కోసం బజారుకు పోతే అక్కడింకో తంటా. మా ఊళ్లో పరదా గుడ్డ ఎవరడిగినా దుకాణాయన ముందు కాఫీ రంగు తాను, ఆ తర్వాత మెరూన్ తాను దింపుతాడు. బొగ్గు దుమ్ము కనపడదని అందరూ అవే కొంటారు. నాకు కావలసింది రంగు కాదు, చీకటి. ప్రతి తానునూ ఒక పొర విప్పి, వెనక ఫోన్ లైటు పెట్టి చూశాను. నార గుడ్డలోంచి వెలుగు జల్లెడలోంచి పిండిలా రాలింది. వెల్వెట్ కాస్త నయం కానీ మడిస్తే దిండులా ఉబ్బింది. అది తాడుకు లేవదు. తానులు గుట్టయ్యాయి. దుకాణాయనకు విసుగొచ్చి, ఫోటోలు కడిగే గది పెడుతున్నావా చెల్లె అన్నాడు. నైట్ షిఫ్టు మనిషి పడుకోవాలె అన్నాను. అంతే, లోపలికి పోయి రబ్బరు పూత ఉన్న మందపాటి లైనింగు తెచ్చాడు. దాని వెనక లైటు పెడితే, లైటు వెలుగుతోందో లేదో నాకే తెలియలేదు. ముందు వైపుకు వేపాకు రంగు కాటన్ తీసుకుని, ఉరికినట్టే ఇంటికొచ్చాను.

ఆ లైనింగు కుట్టేసరికి మిషన్ సూదులు విరిగాయి, నా ఓపికా విరిగింది. అయినా వదల్లేదు. గోడకు చెక్క కొట్టించి తెర దించి, అంచులు గోడకు అతుక్కునేలా వెల్‌క్రో పట్టీలు కూడా వేశాను. గది మధ్యలో నిలబడి చెయ్యి చాపితే నా చెయ్యే నాకు కనపడలేదు. ఎంత గర్వపడ్డానో చెప్పలేను. మర్నాడు పొద్దున ఆయన వచ్చి గదిలోకి తొంగిచూసి, కాసేపు గడపలోనే నిలబడ్డాడు. మస్తున్నది అన్నాడు. పోయి పడుకున్నాడు. తలుపు మూసి, కింది సందులో గోనెపట్టా కుక్కాను.

బయట కాలుకాలిన పిల్లిలా తిరిగాను. మంచం కిర్రుమనలేదు. ఎంతసేపు చెవి ఒగ్గినా కిర్రుమనలేదు. గెలిచాననుకుని చిక్కుడుకాయలు ముందేసుకున్నాను.

ధబ్బుమని చప్పుడు. తర్వాత ఆయన గొంతు. నన్ను పిలవడం లేదు. ఎవరినో "అన్నా... అన్నా" అంటున్నాడు. ఆ గొంతు నేనెన్నడూ వినలేదు. తలుపు తోశాను. మంచం దిగి గోడకు ఆనుకుని గొంతుకూర్చున్నాడు. ఒక చెయ్యి గోడకు అదిమిపెట్టి ఉంది. ఇంకో చెయ్యి నుదుటి మీద టోపీ లైటు కోసం తడుముకుంటోంది. బనియను చెమటతో తడిసిపోయింది. తలుపులోంచి వెలుగు పడ్డాక కూడా, నేనెవరో పోల్చుకోవడానికి ఆయనకు కొంతసేపు పట్టింది.

నీళ్లు తాగాక నేల మీద కూర్చునే చెప్పాడు. పోయిన వానాకాలంలో ఒక రాత్రి ఆయన వెనక కప్పు కూలిందట. దెబ్బ తగల్లేదు కానీ టోపీ లైటు పోయింది. అటువైపున్న తోటి పనివాళ్లు రాళ్లు తీసి వచ్చేదాకా, వాళ్లను అన్నా అన్నా అని పిలుస్తూ, గోడ మీద చెయ్యి పెట్టుకుని ఆ చీకట్లో ఒక్కడే కూర్చున్నాడట. ఇంట్లో చెప్పలేదు. చెబితే నేను డ్యూటీకి పోనివ్వనని భయం.

"కండ్లు మూస్తె అదే చీకటి," అన్నాడు. "అందుకే మళ్లమళ్ల తెరిచి చూస్త. ఎండ కనబడితె పైన్నే ఉన్ననని తెలుస్తది."

అన్ని నెలలుగా ఆయన దొర్లింది అందుకు. నేను శత్రువనుకుని తరిమిన ఆ ఎండ కోసమే. నాకు కోపం ముంచుకొచ్చింది. చెప్పనందుకు ఆయన మీద, అడగనందుకు నా మీద, అన్నం పెట్టే ఆ బాయి మీద. పోయి తాడు పట్టి ఒక్క గుంజు గుంజాను. పట్టీలు చర్రున ఊడాయి. గుడ్డ మడతలు పడుతూ పైకి పోయింది. ఎండ మంచం నిండా పడింది.

పైకి లాగిన తాడు చుట్టడానికి గోడకు కొక్కెం లేదు. తెర దించడమే తప్ప ఎత్తే ఆలోచన నాకు ఎప్పుడూ రాలేదు కదా. వదిలితే మళ్లీ చీకటవుతుంది. తాడు పట్టుకుని అక్కడే నిలబడ్డాను. ఆయన మంచమెక్కి కిటికీ వైపు తిరిగి పడుకున్నాడు.

"ఇడిచిపెట్టు, చెయ్యి గుంజుతది," అన్నాడు.

"నువ్వు కండ్లు మూసుకో. నేను ఈడనే ఉంట."

మూశాడు. తెరిచి చూశాడు. మళ్లీ మూశాడు. అట్లా ఎన్నిసార్లో. మొహం మీద ఎండ పడుతుండగానే, నోరు కొంచెం తెరుచుకుని నిద్రలోకి జారిపోయాడు. నా చెయ్యి తిమ్మిరెక్కింది. అయినా తాడు వదల్లేదు. రాత్రికి ఆయనకు మళ్లీ డ్యూటీ ఉంది.