రేడియేటరులో మామిడిపూత

బాగుచేసిన కారు తాళం మీ చేతిలో పెట్టి "కొత్తది వేశానండీ" అని మెకానిక్ చెప్పినప్పుడు, ఆ మాటను మీరు ఎందుకు నమ్ముతారు? అతను మీ చుట్టం కాడు. వేస్తుండగా మీరు చూడలేదు. అడిగితే నలుగురిలో పిసినారి అనిపించుకుంటామన్న భయానికి మనం నమ్మకం అని పేరు పెట్టుకున్నాం, అంతే. మొన్న మైలవరం రోడ్డులో ఒక షెడ్డు ముందు కూర్చుని ఉన్నాను. ఎదురుగా ఒక కారు బానెట్ ఎత్తి ఉంది, మరిగిన కూలెంటు ఆవిరి పైకి లేస్తోంది. ఇంజన్ను చల్లబరిచే ఆ ద్రవం విషమే అయినా దాని ఆవిరికి ఒక తీపి వాసన ఉంటుంది. పక్కనే ఆగిన మామిడికాయల లారీ వాసన అందులో కలిసి, ఏది పండో ఏది విషమో తెలియకుండా ముక్కుకు తగిలింది. వెంటనే కరుణమ్మ టీచరుగారు గుర్తొచ్చారు. నూజివీడులో నాకు భౌతికశాస్త్రం చెప్పారు. ఇప్పుడు లేరు.

క్లాసులో ఎవరైనా "అంటారు" అని వాక్యం ముగిస్తే ఆమెకు ఒళ్ళు మండేది. "ఎవరంటారు? నువ్వు చూశావా?" అని నిలదీసేవారు. ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్ళేవారు, ప్రసంగం కాగానే పాస్టరుగారినీ అలాగే నిలదీసేవారు. "దేవుణ్ణి నమ్మడం నా ఇష్టం. మనుషుల్ని మాత్రం చూశాకే నమ్ముతాను" అనేవారు. రిటైరయ్యాక, ఏసీ కూడా లేని ఒక పాత కారు కొన్నారు. భర్త ప్రకాశంగారికి మూత్రపిండాలు పాడయ్యాయి, వారానికి రెండుసార్లు డయాలసిస్ కోసం ఆయన్ను విజయవాడ తీసుకెళ్ళాలి. కారు ఇంటికొచ్చిన రోజు పక్కింటావిడ దిష్టి తగలకుండా నిమ్మకాయలూ మిరపకాయలూ గుచ్చి తెచ్చింది. పాస్టరుగారు ప్రార్థన చేసిన నూనె సీసాతో వచ్చారు. టీచరుగారు నిమ్మకాయలు పులిహోరకు తీసుకుని, "బానెట్ మీద రాయకండి అయ్యగారూ, దీనికి నూనె లోపల పొయ్యాలి" అన్నారు. అందరికంటే ముందు పాస్టరుగారే నవ్వారు. ఆ ఇంట్లో అంత హాయిగా నవ్వులు వినిపించిన రోజు నాకు మరొకటి గుర్తు లేదు.

ఒక మే నెలలో హనుమాన్ జంక్షన్ దగ్గర ఆ కారు వేడెక్కి ఆగిపోయింది. నూజివీడుకు లాగించుకొచ్చి ఒక షెడ్డులో ఇచ్చారు. తిరిగి తెచ్చుకోవడానికి వెళ్ళినప్పుడు నేనూ వెంట ఉన్నాను. రేడియేటరు మొత్తం పోయిందని, కొత్తది వేశానని షెడ్డు యజమాని బిల్లు చేతికిచ్చాడు. టీచరుగారి నెల పెన్షన్ దానికే సరిపోయేలా ఉంది.

"పాతది చూపించు నాయనా," అన్నారు ఆమె.

"పాత ఇనుమువాడు పట్టుకెళ్ళిపోయాడండీ."

"ఇంత పొద్దున్నేనా?"

"మా పిల్లల మీద ఒట్టు టీచరుగారూ! నిన్ననే విజయవాడ నుంచి తెప్పించా. ఆడవాళ్ళు మీకు ఈ సామాన్ల సంగతి తెలియదులెండి."

"పిల్లలేం చేశారయ్యా, వాళ్ళ మీద ఒట్టేస్తావు?" అంటూ ఆమె వంగి, కారు ముందు జాలీలోంచి లోపలికి చూశారు. జడలోంచి పిన్ను తీసి రేడియేటరు రేకుల మధ్య గుచ్చి, ఎండిన పొట్టులాంటిది కొంచెం బయటికి లాగి అరచేతిలో పెట్టుకున్నారు. వాళ్ళింటి ముందున్న మామిడిచెట్టు కిందే ఆ కారు ఎప్పుడూ ఉండేది.

"మామిడిపూత ఇది. పూత రాలి మూడు నెలలైంది. నీ రేడియేటరు నిన్న వచ్చిందన్నావు. అది తయారుచేసిన ఫ్యాక్టరీలో మామిడితోట ఉందేంటి?"

షెడ్డులో ఉన్నవాళ్ళంతా ఘొల్లున నవ్వారు. కాయల బేరాలు చేసే కమీషన్ వ్యాపారి ఒకాయన టీ గ్లాసు పక్కన పెట్టి మరీ, "అడగండి టీచరుగారూ, వదలకండి! పోయినేడు నాకూ ఇలాగే టోపీ వేశాడు" అన్నాడు. చివరికి ఒక రబ్బరు పైపు మాత్రమే మార్చాడని తేలింది. ఆ పైపుకీ పనికీ ఇవ్వాల్సింది ఇచ్చి టీచరుగారు తాళం తీసుకున్నారు. నాకు యుద్ధం గెలిచినంత సంబరంగా ఉంది. ఆమె ముఖంలో మాత్రం సంతోషం లేదు. "నవ్వారు. ఒక్కడైనా లేచి నా పక్కకు వచ్చాడా?" అన్నారు, కారు నడుపుతూ.

ఆ ఎండల్లోనే కారు మళ్ళీ మొరాయించింది. రెండో షెడ్డులో ఖాళీ లేదన్నారు. మూడో షెడ్డాయన నవ్వుతూనే, "మాకొద్దండీ, మీరు పిన్ను తీస్తారు" అన్నాడు. బాపులపాడు వెళ్ళాం, మైలవరం వెళ్ళాం. మాకంటే ముందే ఫోన్లు వచ్చాయని అక్కడివాళ్ళే చెప్పి వద్దన్నారు. వదలకండి అని ఎగదోసిన వ్యాపారి కారును మాత్రం ఆ వారమే మొదటి షెడ్డులో చూశాను. ఆయన బానెట్ మీద చెయ్యి ఆనించి యజమానితో కబుర్లు చెబుతున్నాడు. టీచరుగారి కారు చెట్టు కింద ఆగిపోయింది. కొన్నాళ్ళు అద్దె కారు తిప్పారు, పెన్షన్ అందుకు చాలలేదు. ఆ తర్వాత బస్సే గతి.

ఒకసారి నేనూ వాళ్ళతో బస్సులో డయాలసిస్‌కు వెళ్ళాను. తిరుగు ప్రయాణంలో, సూదులు తీసిన చేతికి కట్టుతో, రెండో చేత్తో కమ్మీ పట్టుకుని ప్రకాశంగారు నిలబడ్డారు. తోటల్లో కాయలు కోసి ఇంటికి వెళుతున్న ఒక కూలీ మనిషి ఆయన్ను చూసి లేచి, "ఇటు కూర్చో తండ్రీ" అనేదాకా బస్సులో ఎవరూ కదల్లేదు. ఆయన భార్యను పల్లెత్తు మాట అనలేదు. "బస్సులో గాలి బాగా వస్తుంది కరుణా" అన్నారు. ఆమె కిటికీ వైపు తిరిగిపోయారు.

మళ్ళీ మామిడి పూతకు రాకముందే ఆయన పోయారు. సమాధుల దగ్గర పాస్టరుగారు ప్రభువు పిలుపు అన్నారు. వెనక ఎవరో ఒకావిడ, "ఆ బిల్లు దగ్గర పంతానికి పోకపోతే ఇంకొన్నాళ్ళు ఉండేవాడమ్మా" అంది, మాకు వినపడేలాగే. ఇంటికొచ్చాక, "వాళ్ళే చంపారు టీచరుగారూ, ఆ షెడ్లవాళ్ళే" అన్నాను.

"ఆధారం ఉందా?" అన్నారు.

ఆ రోజు కూడా అదే ప్రశ్న!

"ఆయన కిడ్నీలు వాళ్ళు పాడుచేశారా? బస్సెక్కినందువల్ల పోయారని డాక్టరు చెప్పాడా? నాకు తెలియంది నాకు తెలియదు. నా పంతం వల్ల పోయారన్న ఆవిడకీ తెలియదు. ఆయన్ని నిలబెట్టి తీసుకెళ్ళాను. అది చూశాను. నువ్వూ చూశావు. ఎప్పుడైనా రాస్తే అంతవరకే రాయి."

మళ్ళీ ఆమే అన్నారు: "నేనొక్కదాన్నే అడిగాను కాబట్టి గొడవమనిషినయ్యాను. అక్కడున్నవాళ్ళంతా అడిగుంటే అది మామూలు మాట అయ్యేది."

"మళ్ళీ అయితే అడుగుతారా?" అన్నాను. టీచరుగారు జవాబు చెప్పలేదు. అడిగిన ప్రశ్నకు ఆమె జవాబు చెప్పకపోవడం నేనెరిగినంతలో అదొక్కసారే. చెబుతారేమోనని చీకటి పడేదాకా కూర్చున్నాను. ఆమె లేచి దీపం వేసి, ఆయన మందుల డబ్బాలు ఒక సంచిలో సర్దుకుంటూ ఉండిపోయారు.

ఇన్నేళ్ళుగా ఎన్నో వాదాలు రాశాను, ఎందరితోనో తగువు పడ్డాను. చూసినదాన్ని మించి ఒక్క మాట ఎక్కువ రాయబోతే ఆమె గొంతు నా చేతిని ఆపుతుంది. ఆ మౌనం మాత్రం నన్ను ఊరుకోనివ్వదు. షెడ్డు యజమాని రాక్షసుడేమీ కాడు. మనం అడగమని తెలిసిన మామూలు మనిషి. అడిగిన ఒక్క మనిషిని ఒంటరిని చేసింది అతనొక్కడే కాదు, నవ్వి టీ తాగి వెళ్ళిపోయిన మర్యాదస్తులంతా కలిసి చేశారు. ధైర్యవంతుల్ని పొగడడం మనకు బాగా చేతనవును. వాళ్ళ పక్కన నిలబడడమే చేతకాదు. అందుకే ఈ టీచరుగారిని పొగడకండి, నాకు అక్కర్లేదు. రేపు షెడ్డులోనో, ఆసుపత్రి కౌంటరు దగ్గరో, ఎరువుల కొట్లోనో ఒక మనిషి "ఏదీ, చూపించండి" అని ఒంటరిగా అడుగుతూ కనిపిస్తే, మీ పని ఆపి లేవండి. వెళ్ళి ఆ మనిషి పక్కన నిలబడి, "నాకూ చూపించండి" అని గట్టిగా అడగండి.