మూఢంలో బియ్యం

డోన్ నుంచి కర్నూలు పోయే బస్సులో ఉండగా పిల్లల పుస్తకాల ప్రచురణకర్త ఫోన్ చేశాడు. ఈసారి నేను వేసే బొమ్మలకు సగం ధరే ఇస్తానన్నాడు. రెండు నెలలుగా చేతిలో పని లేదు కాబట్టి సరేనన్నాను.

పక్క సీటులో, ఒళ్లో నాదస్వరం పెట్టుకుని కూర్చున్న ముసలి సాయిబు అంతా విన్నాడు.

"మూఢంలో ధర తగ్గిస్తే, పెండ్లిండ్లప్పుడు గూడా అదే ఇస్తారమ్మా."

నాకు ఒళ్లు మండింది. "మూఢంలో ముహూర్తాలే ఉండవు. మరి మీరేం తింటారు, ఊదే గాలేనా?"

ఆయన నవ్వాడు. "పెండ్లిండ్ల దుడ్లు చేతికి రాంగానే ముందు ఆర్నెల్లకు సరిపడా బియ్యం మూటలు ఇంట్లో ఏసుకుంటా. ఇంట్లో బియ్యం ఉంటేనే 'రాను' అనే మాట నోట్లోంచి వస్తాది."

"మాకు పని లేని నెలలు పంచాంగంలో రాసుండవు లెండి."

"అట్లయితే ఇంకో మూట ఎక్కువ ఏసుకోమ్మా."

ఆయన వెల్దుర్తిలో దిగిపోయాడు. కూరగాయలామె నుంచి కాలేజీ ప్రిన్సిపాల్ దాకా అందరితో వాదించే నేను, నా బొమ్మల ధర దగ్గర మాత్రం ఎన్నడూ నోరెత్తలేదు.

తరువాత డబ్బు వచ్చినప్పుడు ముందు బియ్యమే కొన్నాను. ఆ ప్రచురణకర్త మళ్లీ సగం ధరకే అడిగితే, కుదరదన్నాను.

"అయితే వేరేవాళ్లను చూసుకుంటాం మేడం," అన్నాడు.

చూసుకోమన్నాను.