బట్టీకి ఎదురుగా

సోమందేపల్లి బస్సు దిగి ప్రతి మంగళవారం ఆ మ్యూజియానికి వచ్చే లింగప్ప, అది ఇనుము కరిగించే కార్ఖానాగా ఉన్నప్పుడు అందులో ముప్పై ఏళ్లు పనిచేశాడు. ముంజేతుల నిండా మిరియపు గింజలంతేసి కాలిన మచ్చలు. బట్టీ ఆరిపోయి పదిహేనేళ్లయినా దానికి వీపు చూపించడు. దాని ముందు నుంచి వెళ్లేటప్పుడు పీతలా పక్కకు నడుస్తాడు. టీ అంగట్లో కూడా పొయ్యికి ఎదురుగానే కూర్చుంటాడు.

ఇప్పుడా బట్టీ ముందు పనివాడి బొమ్మ ఒకటి నిలబెట్టారు. ఖాకీ చొక్కా, తలగుడ్డ, చేతిలో పొడుగు కాడ గరిటె, ముఖంలో నవ్వు. జనం ఫోటోలు తీసుకోవాలని దాన్ని ఇటువైపు తిప్పి పెట్టారు.

"పాపా, ఆ మనిషిని అట్ల తిప్పండమ్మా. బట్టీకి వీపు పెట్టి ఎవురూ నిలబడరు" అన్నాడు టికెట్లిచ్చే అశ్వినితో, ఈ వారం కూడా.

"పెద్దసారుకు చెప్పినా తాతా. ఫోటోలో ముఖం కనపడల్లంట. బొమ్మే కదా, దానికేమవుతాది?"

"నా జతలో పనిచేసే మా తిమ్మయ్య గూడా ఒక్క నిమిషమే అట్ల తిరిగినాడమ్మా. నేను అరిస్తి. మిషన్ల రొదలో వానికి వినపళ్లేదు."

అశ్విని లేచి బట్టీ ముందు కట్టిన తాడు దాటి వెళ్లి, బొమ్మ భుజాలు పట్టుకుని తిప్పబోయింది. అది కదల్లేదు. దాని కాళ్లను సిమెంటులో పాతేశారు.

షెడ్డులో ఇప్పుడు ఏ రొదా లేదు. గేటు మూసేదాకా లింగప్ప తాడు ఇవతలే నిలబడి, "ఎనక్కి తిరుగు తిమ్మన్నా, ఎనక్కి తిరుగు" అని మెల్లగా చెబుతూనే ఉన్నాడు.